పరాయి బొరియ

మూలికల చదువు కోసం ఒక కుందేలు పిల్ల ఏరు దాటి పరాయి అడవికి వెళ్లింది. గురువైన ముసలి తాబేలు దానికో బొరియ చూపించింది. లోపల గోడ మీద పెద్ద సాలీడు ఉంది. కుందేలుకి ఒళ్లు జలదరించింది.

"దాన్ని చంపించండి గురువుగారూ. లేకపోతే నేను ఇంటికి వెళ్లిపోతాను," అంది.

"అది ఇక్కడే పుట్టిందమ్మా. నువ్వు ఈ పూటే వచ్చావు. ముందు దాన్ని సరిగ్గా చూడు," అంది తాబేలు.

కుందేలు గుమ్మంలోంచే చూసింది. సాలీడు గుడ్ల సంచిని పొట్టకింద దాచుకుని గోడకి అతుక్కుపోయి ఉంది. దాని కాళ్లు వణుకుతున్నాయి.

"నన్ను తొక్కకు తల్లీ. వీటితో నేనెక్కడికీ పోలేను," అంది సాలీడు.

కుందేలు మెల్లగా లోపలికొచ్చి ఎదుటి గోడ వారగా ఒదిగి కూర్చుంది.

"నాకింకా భయంగానే ఉంది," అంది.

"నాకూ అంతే," అంది సాలీడు.

చదువు పూర్తయ్యేదాకా ఇద్దరూ ఆ బొరియలోనే ఉన్నారు.