ఎవరూ తీసుకుపోని మాత్రలు

“ఇంకా రాదేంది ఈ పిల్ల!” అని ఇఫ్ఫత్ కంప్యూటర్ మీద విసుక్కుంది.

ఎల్లారెడ్డి బస్టాండ్ ఎదురుగా ఆమె మందుల షాపు. ఈమధ్య కాగితం చీటీలు తగ్గాయి. కామారెడ్డిలో డాక్టర్ ప్రణీత మందులు రాసి నొక్కగానే ఇక్కడ తెర మీద పడతాయి. ఇఫ్ఫత్ మందులిచ్చి ‘ఇచ్చాం’ అని నొక్కితే, ఆ కబురు నేరుగా డాక్టర్ ఫోనుకే పోతుంది, మరెవరికీ పోదు. అనుమానాలున్నా అందులోనే అడగొచ్చు. ఇన్నాళ్ల వ్యవహారంలో ఇద్దరూ ముఖాలు చూసుకున్నది మాత్రం లేదు.

సుష్మిత అనే ఆమె పేరు మీద డిప్రెషన్ మాత్రలు వచ్చాయి. ఇఫ్ఫత్ తీసి పక్కన పెట్టింది. మనిషి జాడ లేదు. ఆ మాత్రలు ఎలాంటి రోజుల్లో రాస్తారో ఇఫ్ఫత్‌కు తెలియనిది కాదు. భర్త పనికోసం సౌదీలోని దమ్మామ్ పోయిన కొత్తలో తానూ మింగింది. అన్నం సహించక, ఎవరితోనూ మాట్లాడబుద్ధికాక, గోడవైపు తిరిగి పడుకున్న రోజులవి. ఇప్పటికీ షాపు మూసి ఇంటికెళ్తే పలకరించే దిక్కు లేదు. కానీ తను నిలబడింది. ఈ పిల్ల మందు లేకుండా నిలబడుతుందా, ఏ అఘాయిత్యమైనా చేసుకుంటుందా అని ఒకటే గుబులు.

“మీ పేషెంట్ రాలేదు మేడం, ఫోన్ చేసి చెప్పండి” అని మెసేజ్ పెట్టింది.

“వస్తుంది. ఉంచండి” అని జవాబు.

మళ్లీ అడిగితే, “ఆమెకు భయం, నలుగురికీ తెలుస్తుందని” అని వచ్చింది.

అబ్బో, ఎంత తీరికగా చెప్పింది! ఇఫ్ఫత్‌కు ఒళ్లు మండింది. రాసి చేతులు దులుపుకుంటే అయిపోయిందా? ఆ మంటలోనే టైపు చేసింది. “ఆమెకు చెప్పండి మేడం, నేనూ ఆ మాత్రలు వేసుకున్నదాన్నే. సిగ్గేం లేదు. వచ్చి చాయ్ తాగి పోవాలె. ఒక్క మాట కూడా అడగను.”

దానికి జవాబే రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం ముసురు పట్టింది. గిరాకీ లేదు. కామారెడ్డి బస్సు దిగి, ముఖానికి చున్నీ చుట్టుకున్న ఒకామె షాపు ముందు నిలబడింది.

“సుష్మిత పేరు మీద మందులున్నయా?”

ఇఫ్ఫత్‌కు ప్రాణం లేచొచ్చింది. లోపలికి పిలిచి, కుర్చీ వేసి, ఫ్లాస్కులో చాయ్ పోసింది. ఒక్క మాటా అడగనన్న మనిషి వరసబెట్టి అడగడం మొదలుపెట్టింది.

“అన్నం తిన్నవా చెల్లె?”

“తినబుద్ధి కాదక్కా.”

“ఇంట్ల ఎవరున్నరు?”

“ఎవరు లేరు. పొద్దంత మనుషులే. ఇంటికి పోతే నేనొక్కదాన్నే.”

“నా లెక్కనే. కామారెడ్డిల షాపులు లేవా, గింత దూరమొచ్చినవ్?”

“ఆడ అందరికి నేను ఎరుకనే అక్కా. చూస్తే ఏమనుకుంటరో అని.”

“అనుకోనీ! నీకోసం మీ డాక్టరమ్మతోని ఎంత మొత్తుకున్ననో. ఉత్త రాయి! నీ మీద జర్రంత రంది లేదు ఆమెకు.”

“గట్ల అనకక్కా. ఆమెకేం కష్టమున్నదో.”

“ఆమెకేం కష్టం? పెద్ద డాక్టరు, చుట్టూ మంది. ఒంటరి మనిషి గోస ఆమెకేం ఎరుక?”

ఆమె తల వంచుకుంది. కన్నీటి చుక్క చాయ్ కప్పులో పడింది. ఇఫ్ఫత్ దగ్గరికి జరిగి వీపు నిమిరింది.

“ఏడ్వకు. మాత్రలు మానకుండ ఏసుకో. వచ్చే ఆదివారం మళ్ల రావాలె. మందులకు కాదు, నాతోని అన్నం తిననీకి.”

“వస్తనక్కా” అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. నిజంగానే వస్తుందనిపించింది ఇఫ్ఫత్‌కు.

ఆ రాతి మనిషికి కూడా చెప్పేస్తే ఒక పనైపోతుందని లేచి, కంప్యూటర్‌లో ‘ఇచ్చాం’ అని నొక్కింది.

ఆమె సంచీలో ఫోను టింగుమంది.