మెట్ల వంతు

మూడో అంతస్తు నుంచి మెట్లు కడుగుతూ దిగుతుంటే కళ్ళు తిరిగి కూలబడ్డాను. నాకిప్పుడు నాలుగో నెల.

పై ఇంటి స్వర్ణలతక్క పరుగున వచ్చి లేపింది. ఆమె కూడా మా ఆయనలాగే ఈ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. పెళ్ళయిన విద్యార్థులకిచ్చిన ఈ క్వార్టర్సులో ఎనిమిది ఇళ్ళకూ ఇవే మెట్లు.

"ఇంత నీరసం పెట్టుకొని ఎందుకు కడుగుతాండావు?" అంది.

మా ఊరు ఓర్వకల్లులో నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇక్కడ గోడకు అంటించిన రూల్సు ఇంగ్లీషులో ఉన్నాయి. కొత్తగా వచ్చిన ఇంటివాళ్ళే ఏడాదంతా మెట్లు కడగాలని రాసుందని మా ఆయన చెప్పాడు. ఆరు నెలలుగా కింద కొళాయి నుంచి నీళ్ళు మోస్తున్నాను.

"అక్కా, మీ వంతు ఎప్పుడొస్తాది?" బెరుగ్గా అడిగాను.

"వారానికో ఇల్లనే రూలు. మీ ఆయనే మన క్వార్టర్సు మీటింగులో లేచి, 'మా ఆమెకు చదువు లేదు, పగలంతా ఖాళీనే, అందరి వంతూ ఆమే చేస్తాది' అన్నాడు. నీకూ ఇష్టమేనంట కదా? ఇంత మంచిది యాడా ఉండదని మేము చప్పట్లు కూడా కొట్టినాం."

నాకు ఏడుపు రాలేదు. ఇంట్లోకి పోయి పడుకున్నాను. కాపురానికి వచ్చాక పగలు పడుకోవడం అదే మొదటిసారి.

సాయంత్రం ఆయన వచ్చాడు. "ఏమే, మెట్లు సగంలో వదిలేసినావంట?"

"మళ్ళీ మీటింగు ఎప్పుడు?" అన్నాను.

"చదువుకున్నోళ్ళ మీటింగులో నీకేం పని?"

"ఈ మెట్లకు ఎన్ని బిందెల నీళ్ళు పడతాయో మీలో ఒక్కరికీ తెలీదు. అది చెప్పి వస్తా."