వంటింట్లో కుస్తీ

అన్నయ్యా,

నేల మీద పట్లు పట్టే ఆ గ్రాప్లింగ్ పోటీ వచ్చే నెలలోనే కాబట్టి ఈ కార్డు ఇవాళే రాయాల్సి వచ్చింది.

కింద పడ్డాక నా పట్టు ఎవరూ విడిపించుకోలేరు. కానీ ఎదుటివాళ్ళను పడగొట్టడమే నాకు రాదు. "కుస్తీ నేర్చుకో" అన్నారు మా క్లబ్బు మాస్టారు. ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనే కాబట్టి పుస్తకం తెచ్చి, వదినకు చదివి వినిపిస్తూ వంటింట్లో సాధన మొదలుపెట్టాను. తల డొక్కకు ఆనించి, రెండు కాళ్ళూ పట్టుకుని ముందుకు నెట్టాలి.

"ఏం తప్పు చేశావమ్మాయ్, కాళ్ళ మీద పడ్డావు?" అంటూనే వదిన పడిపోయింది.

కొన్నాళ్ళకు పడటం మానేసింది. నేను వంగగానే కాళ్ళు వెనక్కి లాక్కుని, బరువంతా నా వీపు మీద వేస్తోంది. ఆ పేజీ కూడా నేనే చదివి వినిపించాను.

నిన్న మాస్టారు వచ్చి చూశారు. మా ఇద్దరిదీ ఒకే బరువు, ఆ బరువులో పోటీకి క్లబ్బుకు ఒకటే చోటు. అక్కడికక్కడే మాకు పోటీ పెట్టారు.

"నీ చోటు నాకెందుకమ్మా?" అంది వదిన, నా మీంచి లేవకుండానే.

ఆమె పేరే ఇచ్చాం. పక్కన నిలబడి అరవడానికి నేను వెళ్ళాలి కాబట్టి, ఆ రోజు మీ పాపను చూసుకోవడానికి నువ్వు సెలవు పెట్టి రావాలి. వద్దనాలనుకుంటే వచ్చి ఆమెను పడగొట్టి చెప్పు. సరేనంటే పదో తేదీలోగా జవాబు రాయి.

చెల్లి