గోడకు గుచ్చిన సూది

"కుడి కాలి చెప్పు ఏదిరా?" అంది అక్క.

అతను కిందికి చూసుకున్నాడు. ఎడమ కాలికి చెప్పుంది. కుడి కాలు ఆసుపత్రి వరండాలో వట్టి గచ్చు మీద ఉంది. గచ్చు చల్లగా ఉందో లేదో ఆ కాలికి తెలియదు. అక్క వెనక్కి వెళ్లి, కారు దిగినచోట పడి ఉన్న చెప్పు తెచ్చి అతని ముందు వేసింది.

రేసుల్లో అతన్ని అందరూ గోడ అంటారు. వెనకున్నవాడు ఎన్ని వేషాలేసినా దారివ్వడు. రోడ్ల మీద తిరిగే కార్లలాగే తలుపులూ అద్దాలూ ఉన్న కార్లతో జరిగే రేసులవి. ఒకళ్లనొకళ్లు రాసుకుంటూ, తోసుకుంటూ పోతారు. గెలిచిన కారుకి తర్వాతి రేసులో ఇనప పలకలు బిగించి బరువు పెంచుతారు, మిగతావాళ్లకీ అవకాశం రావాలని. గోడ కారులో ఆ పలకలు లేని రోజులు తక్కువ.

ఎంత బరువున్నప్పుడు ఏ మలుపులో ఎక్కడ బ్రేకు తొక్కాలో అక్క చూసుకునేది. ఆవిడే జట్టు ఇంజనీరు. రేసు నడిచినంతసేపూ ఆవిడ గొంతు అతని చెవిలో ఉంటుంది. "ఇప్పుడు" అంటే తొక్కడమే. ఎందుకని అతను ఏనాడూ అడగలేదు. అక్క మాట ఏనాడూ తప్పలేదు.

ఒక పాత ప్రమాదంలో నడుము దెబ్బతిన్నాక కాలివేళ్లు మొద్దుబారడం మొదలైంది. అది మెల్లగా మడమదాకా పాకింది. అతను ఎవరికీ చెప్పలేదు. కిందటి రేసులో అక్క "ఇప్పుడు" అంది. అతను తొక్కాడు. కాలు బ్రేకు మీద లేదు. కారు మట్టిలోకి దూసుకుపోయి, మలుపులో జెండా ఊపే అమ్మాయిని రాసుకుంటూ వెళ్లి టైర్ల గుట్టలో ఆగింది. జెండా కర్ర విరిగింది. పిల్లకి ఏమీ కాలేదు.

బ్రేకు పట్టలేదని అతను అందరికీ చెప్పాడు. బ్రేకులు బిగించిన మెకానిక్ తల వంచుకుని నానా మాటలూ పడ్డాడు. అక్క మాత్రం కంప్యూటర్లో ఆ క్షణాన బ్రేకు ఎంత నొక్కాడో చూపే గీతలు చూసి, తెర ఆపేసి, కాలికి ఏమైందని అడిగింది. అతను దాచలేదు. ఆ పిల్ల ఏడుస్తుంటే చూస్తూ కూడా తనకేమీ అనిపించలేదని చెప్పాడు. కాలి దగ్గర మొదలైన మొద్దుదనం ఎందాకా వచ్చిందో అతనికే తెలియడం లేదు.

ప్రమాదం జరిగినవాళ్లు డాక్టరు సరేనంటేనే మళ్లీ కారెక్కాలి. ఆదివారం ఆఖరి రేసు. గెలిస్తే ఈ ఏటి కప్పు అతనిదే. ఎక్కకపోతే ఈ వయసులో మళ్లీ పిలిచే జట్టు లేదు. కారు నడపడం తప్ప అతనికి ఇంకో పని రాదు. ఇంట్లో బల్బు పోయినా అక్కే వచ్చి మార్చాలి.

అందుకే వరండాలో వంతు కోసం కూర్చున్నప్పుడు ఉపాయం అతనే చెప్పాడు. డాక్టరు కళ్లు మూసుకోమని, కాలికి సూది తాకిస్తూ, తగిలినప్పుడల్లా ఆఁ అనమంటుంది. అక్క పక్కన కూర్చుని, సూది తగిలినప్పుడల్లా దగ్గాలి.

అక్క గోడ గడియారం చూసి లేచి నిలబడింది.

"సరే," అంది. "ఆ బరువు నామీద పెట్టు."

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. అతన్ని బల్ల మీద పడుకోబెట్టి కళ్లు మూసుకోమంది. చీకటైపోయింది. రేసులోలాగే ఇక అక్క ఒక్కతే.

అక్క దగ్గింది.

"ఆఁ," అన్నాడు.

కాసేపు ఏమీ లేదు. అతను దగ్గు కోసం కాచుకున్నాడు. పళ్లెంలో ఏదో టంగుమంది. అక్క దగ్గింది.

"ఆఁ."

"దగ్గు బాగా ఉన్నట్టుందే, మాత్ర ఇవ్వనా?" అంది డాక్టరమ్మ.

"వద్దండీ. ఇవాళ్టితో పోతుంది."

మళ్లీ చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ టంగుమంది, మళ్లీ దగ్గు, మళ్లీ ఆఁ. ఇంకొక్కసారి చూద్దామని డాక్టరమ్మ మొదటినుంచీ అంతా చేసింది. అతను ఒక్క దగ్గూ వదల్లేదు.

"చాలు, లేవండి. వేరే పరీక్షలు అక్కర్లేదు. కాగితం మీ జట్టుకి పంపిస్తాను," అంది. తర్వాత అతని చెయ్యి పట్టుకుని ఊపింది. "మా ఇంట్లో అందరం మీ రేసులు చూసేవాళ్లం. ఇన్నేళ్లూ మంచి ఆట చూపించారు."

అతను దణ్ణం పెట్టాడు. సంతోషం రావాల్సిన చోట ఏమీ రాలేదు. అది ఆదివారం వస్తుందిలే అనుకున్నాడు.

వచ్చేటప్పుడు అక్కే నడిపింది. ఇప్పుడు అతను తాళాల కోసం చెయ్యి చాచాడు. అక్క ఇవ్వకుండా వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది.

"గోడకి సూది గుచ్చితే ఆఁ అందని రేపు పేపర్లో వేస్తారు," అన్నాడు పక్కన కూర్చుంటూ.

అక్క నవ్వలేదు. కారు కదిలించింది.

"ఆదివారం కాస్త ముందే చెప్పక్కా. నువ్వు ఇప్పుడంటే చాలు, మిగతాది నేను చూసుకుంటా."

"ఆ జెండా పిల్ల నిన్న కనిపించింది," అంది అక్క. "ఆదివారం కూడా అదే మలుపులో నిలబడుతుందట."

"నిలబడనీ."

అక్క కారు పక్కకి తీసి ఆపింది. వంగి, అతని కాలినుంచి సగం జారిన చెప్పు సరిగ్గా తొడిగింది. నిటారుగా కూర్చుని గొంతు సవరించుకుంది.

"ఆఁ," అన్నాడు అతను, అలవాటుగా.

"నేను దగ్గినప్పుడల్లా సూది పళ్లెంలోనే ఉందిరా."