పద్యం అందించే మనిషి

“ఇంకోసారి పద్యం మధ్యలో ఆగావంటే, ఆ కిరీటం అక్కడ పెట్టి దిగిపో” అన్నాడు రామ్మోహనరావు పక్కతెర చాటునుంచి, అందరికీ వినపడేలాగే.

రిహార్సల్ వేదిక మీద అవినాష్ చెవుల మీదికి పడుతున్న సవరం జుట్టు సర్దుకున్నాడు. “సారీ అండి. తర్వాతి మాట అందించండి చాలు.”

రామ్మోహనరావు పళ్లు కొరుకుతూ, చేతిలోని బుల్లి మైకులో గుసగుసగా అందించాడు. అవినాష్ అందుకుని పద్యం చివరిదాకా లాగించాడు.

మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసే పదిమంది కలిసి పెట్టుకున్న నాటక సమాజం అది. వందేళ్ల నాటి పద్యనాటకం తలకెత్తుకున్నారు. అందులో రాజు వేషం ముప్ఫై ఏళ్లు వేసినవాడు రామ్మోహనరావు. ట్రెజరీలో రిటైరై మియాపూర్‌లో ఉంటున్నాడు. వీళ్లకి రాగాలు నేర్పిందీ ఆయనే. తీరా వేషాలు పంచే రోజున దర్శకురాలు సంయుక్త, “గొంతు వణుకుతోందండీ. మీరు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి” అని రాజు వేషం అవినాష్ చేతిలో పెట్టింది.

అప్పుడు అవినాష్ లేచి, “ఆయన తెర వెనక లేకపోతే నేను వెయ్యను. నాకు పద్యాలు గుర్తుండవు” అన్నాడు. మర్నాడే ఈయనకో మైకు, తన చెవిలోకో యంత్రం కొనుక్కొచ్చాడు.

రామ్మోహనరావుకి ఒళ్లు మండిపోయింది. పద్యం నోటికి రానివాడికి కిరీటమూ, వచ్చినవాడికి తెరచాటూనా? అయినా నెల రోజులూ మెట్రో ఎక్కి వస్తూనే ఉన్నాడు. ఇంట్లో కూర్చుంటే ఊపిరాడదాయనకి.

ఆదివారం మధ్యాహ్నం ప్రదర్శన. హాలు నిండింది. మొదటి గంట మోగాక సంయుక్త ఆయన దగ్గరికొచ్చింది.

“రిహార్సల్స్‌లో అన్నిసార్లు ఆగాడు. నాకు భయంగా ఉందండీ. ఇవాళ తడబడ్డాడంటే, వచ్చే ఆదివారం మీరే రాజు.”

“నా గొంతు వణుకుతుందన్నావుగా?”

“వణికినా పద్యం పూర్తవుతుంది కదండీ.”

రెండు రంగాలు బాగానే నడిచాయి. రామ్మోహనరావు ప్రతి పద్యమూ పొల్లుపోకుండా అందించాడు. మూడో రంగంలో రాజు కోట విడిచివెళ్లే పద్యం వచ్చింది. నాటకానికి ఆయువుపట్టు అదే. ముప్ఫై ఏళ్లు జనం తన కోసం చప్పట్లు కొట్టింది అక్కడే. హార్మోనియం శ్రుతి అందుకుంది. రామ్మోహనరావు వేలు మైకు స్విచ్ మీదికి వెళ్లింది. తప్పని తెలుసు. తెలిసే ఆపేశాడు.

అవినాష్ ఒక్క క్షణం పక్కతెర వైపు చూశాడు. రామ్మోహనరావు తల దించేసుకున్నాడు.

అంతలో పద్యం మొదలైంది. ఎక్కడా తొట్రుపాటు లేదు. చివరి పాదంలో రామ్మోహనరావు తీసే దీర్ఘం కూడా అచ్చంగా అలాగే పలికింది. హాలంతా వన్స్ మోర్ అంది. అవినాష్ మళ్లీ పాడాడు.

ఈ ఒక్కటీ కంఠస్థం చేసుకున్నాడు కాబోలు అనుకున్నాడు రామ్మోహనరావు. మళ్లీ స్విచ్ నొక్కి మిగతా నాటకమంతా సిగ్గుపడుతూనే అందించాడు.

తెర పడ్డాక జనం అవినాష్ చుట్టూ మూగారు. రామ్మోహనరావు వెనక గదిలోకి వెళ్లాడు. లైట్లూ, మైకులూ చూసే స్వామి వైర్లు చుట్టుకుంటున్నాడు.

“అవినాష్ ఎప్పుడొస్తాడు స్వామీ? ఒక మాట చెప్పుకోవాలి.”

“ఫోటోలు దిగుతుండు సార్. ఏమైంది, గట్ల పరేషాన్ అయితున్నరు?”

“కోట పద్యం దగ్గర మైకు ఆపేశానయ్యా. కావాలనే. వాడు పరువు పోగొట్టుకుంటే వేషం నాకొస్తుందని.” మైకు తీసి బల్ల మీద పెట్టాడు. “వాడి చెవిలో మాట పడకుండా చేశాను. వాడి ముఖం ఎలా చూడను?”

స్వామి చేతిలోని వైరు కింద పెట్టాడు.

“మీకు చెప్పొద్దన్నడు సార్. గా చెవి మిషను డబ్బ ఆయన ఇంకా విప్పనే లే.”