పక్కింటి కీరదోస

తుయారా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మొగుడు ప్రొకోపి భుజం మీద రెండు పాత కిటికీ రెక్కలున్నాయి, అద్దాలతో సహా.

"ఎక్కడికి?" అంది.

పక్కింటి వార్వారా మడి మీద కప్పడానికన్నాడు. జూన్ వచ్చినా తెల్లవారేసరికి మంచు పేరుకుంటోందనీ, అద్దం కప్పకపోతే కీరదోస మొక్కలు బతకవనీ చెప్పాడు.

"మన పెరట్లో నాలుగు ఉల్లికాడలు వేద్దామంటే, మూరెడు లోతు తవ్వితే గడ్డకట్టిన నేల, ఏం పండుతుందన్నావు. ఆవిడ పెరట్లో మాత్రం కరిగిపోయిందా?"

"ఒంటరి మనిషి, తుయారా. పైగా ఊరికి కొత్త."

"నా బాధా అదే."

వార్వారా ఆ వసంతంలోనే పక్కింట్లో దిగింది. భర్త పోయి చాలా కాలమైంది. యాభై ఉంటాయో ఉండవో. నడుం వంగలేదు, నవ్వు తగ్గలేదు. లేనా నది మీద మంచు ఇంకా పూర్తిగా కదలకముందే ఆవిడ కిటికీ నిండా నారు పోసింది. తర్వాత పెరట్లో పేడ పరిపించి దాని మీద ఎత్తుగా మడులు కట్టించింది. పేడ మోసింది ప్రొకోపి. చెక్కలు కొట్టింది ప్రొకోపి. సాయంత్రం అతను ఇంటికొస్తే ఒంటి మీది పేడ వాసన తుయారా ముక్కుకు పరాయి ఆడదాని అత్తరులా తగిలేది. ముందు రోజు తుయారా చేసిన చేపల చారు తాగుతూనే వార్వారా నారు ఎంత పచ్చగా ఉందో చెప్పుకొచ్చాడు.

వెళ్లొద్దందామంటే నలుగురూ నవ్వుతారు. ఒంటరిదానికి మొగుడు చేసే సాయం కూడా ఓర్వలేకపోయిందంటారు. ఏం చెయ్యాలో తోచక ఇటు తిరిగేసరికి, పొయ్యి పక్కన బల్ల మీద మోకాళ్లు కాచుకుంటున్న మామగారు గవ్రీల్ కనిపించాడు. అరవై దాటిన మనిషి. భార్య పోయినప్పటినుంచీ ఆ బల్ల మీదే ఆయన బతుకు.

"మామయ్యా, ఇకనుంచి ఆ తోటపనికి మీరు వెళ్లండి. ఈయనకు గడ్డికోత పనులు బోలెడున్నాయి."

తన మోకాళ్లు అంత పని చెయ్యలేవని ఆయన గొణిగాడు. కదిలిస్తేనే పట్టు వదులుతాయని ఆమె నచ్చజెప్పింది. భర్త భుజం మీది కిటికీ రెక్కలు లాక్కుని మామగారికిచ్చి, కొడుకు అటు తొంగి చూస్తే మాత్రం తనకు చెప్పాలని చెవిలో వేసింది. ముసలాయన బుద్ధిగా తలూపాడు.

ఉపాయం పారింది. ప్రొకోపి నది అవతల పచ్చికలో గడ్డి కోసుకుంటూ ఉండిపోయాడు. గవ్రీల్ పొద్దున్నే పక్కింటికి వెళ్లి అర్ధరాత్రికీ చీకటి పడని ఆ వేసవి రోజుల్లో ఎప్పటికో వచ్చేవాడు. మీ అబ్బాయి వచ్చాడా అని కోడలు అడిగేది. రాలేదనేవాడు. మోకాళ్లు కూడా కాస్త నయమేనట. తుయారాకు మామగారి మీద అంత గౌరవం ఎన్నడూ కలగలేదు.

కానీ కడుపుమంట ఊరికే చల్లారదు. మొగుడి మీదనుంచి అది తోట మీదికి మళ్లింది. కంచె మీదుగా చూస్తే అవతల ప్లాస్టిక్ పందిరి కింద తీగలు నిలువెత్తు పాకాయి. వార్వారా చేతిలో ఏదో మహిమ ఉందని ఊళ్లో ఆడవాళ్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు. తొలి కాయ కోసినప్పుడు ఆవిడ కంచె మీదుగా ఒకటి అందించింది. "ఎందుకక్కా ఇవన్నీ" అంటూనే తుయారా పుచ్చుకుని, లోపలికెళ్లి తలుపేసుకుని ఉప్పద్దుకు తింది. ఎంతో బావుంది. అందుకే ఇంకా మండింది.

ఆగస్టు చివర్లో గాలి మారింది. ఇక మంచు పడుతుందని ఊరంతా హడావుడిగా కాయలు కోసుకుంటోంది. తుయారా తాడు మీది బట్టలు తీస్తుంటే అవతలి పందిరిలోనుంచి భర్త గొంతు వినపడింది. చేతిలో దుప్పటితో అలాగే నిలబడిపోయింది.

"ఇంకా ఎన్నాళ్లు దాస్తాం?" అంటోంది వార్వారా. "చలి ముదరకముందే మీ ఇంటికి వచ్చేస్తాను. రెండు పొయ్యిలకు కట్టెలు దండగ."

"కాయలన్నీ ఇల్లు చేరనివ్వండి. తుయారా సంగతి మీకు తెలీదు. మెల్లగా నేనే చెప్తాను."

తుయారా గేటు దాకా వెళ్లలేదు. కంచె సందులోనుంచి దూరి, పందిరి తెర పట్టుకుని లాగింది. కాయల బకెట్‌తో ప్రొకోపి కొయ్యబారిపోయాడు.

"మెల్లగా ఎందుకు, ఇప్పుడే చెప్పు" అంది. అతని జవాబు కోసం ఆగకుండా వార్వారా వైపు తిరిగింది. "అక్కా అక్కా అని నోరారా పిలిచాను. నా కొంపకే ఎసరు పెట్టావా? నేను బతికుండగా నువ్వు మా గడప తొక్కలేవు."

వార్వారా తల వంచుకుంది. టమాటా మొక్కల వెనకనుంచి గవ్రీల్ లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూడగానే తుయారాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"మామయ్యా, విన్నారుగా మీ అబ్బాయి నిర్వాకం. ఇంటికి పెద్దవారు, మీరే ఏదో ఒకటి తేల్చండి."

ముసలాయన చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు. కొడుకును చూశాడు, వార్వారాను చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"వాణ్ణేం అనకమ్మా. నువ్వు మాత్రం ఈవిణ్ణి అక్కా అనడం మానేసి, అత్తయ్యా అనడం అలవాటు చేసుకో."