బిందె మీద పడ్డ రూపం

ఆన్‌లైన్‌లో అమ్మే స్టీలు బిందె ఫోటోలో మనిషి రూపం పడకూడదు. పడితే ఆ సైటువాళ్లు సరుకు తీసుకోరు. అందుకే పురుషోత్తం తెల్ల దుప్పటి ముసుగేసుకుని, చిన్న చిల్లులోంచి ఫోటో తీశాడు. అయినా "ఫోటోలో మనిషి ఉన్నారు" అని తిరిగొచ్చింది. పెద్దది చేసి చూశాడు. బిందె కడుపులో తెల్ల దుప్పటి, దాని పక్కన ఎవరో ఆడమనిషి.

"కల్పలతా, జెర పక్కకు జరుగు!"

"నేను బయట డబ్బాలకు టేపేస్తున్న. జల్ది కానియ్యి, బండోడు పోతనంటుండు. ఈ సరుకు సుత పోకుంటే దుకాణం బందే!" బోయిగూడ గల్లీలోంచి భార్య గొంతు వినిపించింది.

మళ్లీ ముసుగేసుకుని తీశాడు. ఈసారి ఫోటో పాసైంది. బిందెలో దుప్పటి తప్ప ఎవరూ లేరు.

దుప్పటి లోపల, అతని చెవి పక్కనే, ఎవరో మెల్లగా ఊపిరి వదిలారు.